ఒక్క ఫోను, నలభై మంది పిల్లలు: తరగతిలో ఆన్‌లైన్ టూల్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

పొదిలి దగ్గర జడ్పీ హైస్కూల్లో కొత్తగా చేరిన ఫిజికల్ సైన్స్ టీచర్ గారి ప్రశ్న, క్లుప్తంగా: "తరగతిలో ప్యానెల్ (గోడకు బిగించిన పెద్ద టచ్ స్క్రీన్) ఉంది, నా దగ్గర ఫోను ఉంది, పిల్లల దగ్గర ఏమీ లేవు. ట్రైనింగులో చాలా యాప్‌ల పేర్లు చెప్పారు. అన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నాను గానీ దేన్నీ సరిగ్గా వాడలేకపోతున్నాను. నిజంగా పనికొచ్చేవి ఏవి? పిల్లలకు ఫోన్లు లేకుండా ఇవి సాధ్యమేనా? తోటి టీచర్లు టైమ్ వేస్ట్ అంటున్నారు. ఇప్పటికే రిజిస్టర్లు రాయాలి, యాప్‌లలో ఎక్కించాలి. దీనికి తోడు ఇది కూడా అయితే చదువు చెప్పేది ఎప్పుడు?"

మేడమ్, నేనూ ఫిజికల్ సైన్స్ టీచర్‌నే. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు బడుల్లోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. టీచర్ల ట్రైనింగులకు రిసోర్స్ పర్సన్‌గా కూడా వెళ్తుంటాను కాబట్టి మీ ఇబ్బంది నాకు తెలుసు. ఒక్క పూటలో పది పదిహేను యాప్‌లు చూపిస్తే ఎవరికైనా తల తిరుగుతుంది.

ముందుగా వాటిలో చాలావాటిని ఫోన్లోంచి తీసేయండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది వాడాక రేపటి నా పీరియడ్ మారుతుందా? ఎవరికి ఏది అర్థం కాలేదో నాకు తెలిసి, దాన్నిబట్టి రేపు వేరేలా చెప్పగలిగితే ఆ టూల్ ఉంచుకుంటాను. పాఠం అందంగా కనబడటానికో, ఫోటో తీసి గ్రూపులో పెట్టడానికో మాత్రమే పనికొచ్చేదాన్ని వదిలేస్తాను. రాత్రి రెండు గంటలు కూర్చుని కాన్వాలో రంగురంగుల స్లైడ్లు చేసే టీచర్లను చూశాను. వాళ్ల కష్టం చూస్తే బాధ వేస్తుంది. ఆ రెండు గంటల్లో ఇరవై మంది నోటుబుక్కులు చూడొచ్చు కదా అనిపిస్తుంది.

నేను చెప్పేది ఒక ఉదాహరణతో చూడండి. పదో తరగతిలో కాంతి పాఠం. కుంభాకార కటకానికి (మధ్యలో ఉబ్బిన లెన్స్‌కు) కిరణ చిత్రాలన్నీ బోర్డు మీద గీశాను, పిల్లలూ గీశారు, నోట్సులు నీట్‌గా ఉన్నాయి. "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంది. అప్పుడు బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను: కటకంలో పై సగాన్ని నల్ల కాగితంతో మూసేస్తే ప్రతిబింబం ఏమవుతుంది? ఎ) సగమే కనబడుతుంది. బి) మొత్తం కనబడుతుంది, వెలుగు తగ్గుతుంది. సి) అసలు ఏర్పడదు. డి) చిన్నదవుతుంది. ప్లిక్కర్స్ అనే యాప్ కార్డులతో (అవేమిటో కింద చెబుతాను) జవాబులు తీసుకుంటే క్లాసులో ఎక్కువమంది 'ఎ' చూపించారు. ఎప్పుడూ అందరికంటే ముందు చెయ్యెత్తే అమ్మాయి కూడా 'ఎ'నే పట్టుకుంది.

సరైన జవాబు 'బి'. వస్తువు మీద ఒక్కో బిందువు నుంచి వచ్చే కిరణాలు కటకం మొత్తం మీద పడతాయి. సగం మూసినా, మిగతా సగం గుండా వెళ్లిన కిరణాలు ఆ బిందువుకు ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. కాకపోతే వెళ్లే కాంతి తగ్గింది కాబట్టి బొమ్మ మసకగా ఉంటుంది. పుస్తకంలోనూ బోర్డు మీదా మనం రెండు కిరణాలే గీసి ఊరుకుంటాం. అందుకని ఆ కిరణానికి అడ్డం పెడితే బొమ్మలో ఆ ముక్క పోతుందని పిల్లలు అనుకుంటారు. అంటే తప్పు పిల్లల శ్రద్ధలో లేదు, మనం గీసే బొమ్మలోనే దానికి కారణం ఉంది. ఈ సంగతి "అర్థమైంది సార్" అన్న మాటలో మనకు ఎప్పటికీ దొరకదు.

మరుసటి రోజు నేను కొత్త పాఠం మొదలుపెట్టలేదు. తలుపులు మూసి, ఒక్క కిటికీ మాత్రం తెరిచి, ఎదురు గోడ మీద ఆ కిటికీ బొమ్మ పడేలా కటకాన్ని పట్టుకున్నాం. ఒక పిల్లవాడు అట్టముక్కతో కటకాన్ని మెల్లగా మూస్తూ వచ్చాడు. తలకిందులుగా పడిన కిటికీ మసకబారింది గానీ తెగలేదు, ఊచలన్నీ కనబడుతూనే ఉన్నాయి. "అట్లా గాదు సార్, ఇంకా మూయమనండి" అంటూ వెనక బెంచీ వాడు లేచి వచ్చాడు. అందరూ ఒక్కొక్కరే మూసి చూశారు. పీరియడ్ మొత్తం దానికే పోయింది, పోనిచ్చాను. ఆ పీరియడ్ అవసరమని నాకు చెప్పింది ఒక ఫోను, కొన్ని ప్రింట్ తీసిన కాగితాలు. పిల్లల దగ్గర ఏ పరికరమూ లేదు. మీ "సాధ్యమేనా" అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే.

ప్లిక్కర్స్ ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. క్లాసులో జవాబులు తీసుకోవడానికి మన బడుల పరిస్థితికి ఇంతగా సరిపోయే టూల్ నేను ఇంకోటి చూడలేదు. వాళ్ల సైట్లో కార్డులు ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. మామూలు సెట్టులో 40 కార్డులు, పెద్ద సెట్టులో 63 ఉంటాయి. ఒక్కో కార్డు మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ రెండు కార్డుల బొమ్మా ఒకలా ఉండదు. నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి అని ఉంటుంది. పిల్లవాడు తాను అనుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటాడు. మీరు ఫోను కెమెరా తెరిచి ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పితే చాలు, ఎవరు ఏం చెప్పారో మీ స్క్రీన్ మీద పేర్లతో సహా వస్తుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు, ఎందుకంటే బొమ్మలు వేరువేరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎప్పుడూ నోరు తెరవని పిల్లవాడు కూడా జవాబు చెబుతాడు. తప్పయినా క్లాసులో ఎవరికీ తెలియదు, మీకు మాత్రమే తెలుస్తుంది. మన క్లాసుల్లో ఆడపిల్లలు చాలామంది నవ్వుతారేమోనన్న భయంతోనే నోరు మెదపరు. వాళ్ల కోసమైనా ఇది వాడండి.

కార్డులు మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ వెలుగు పడి కెమెరాకు బొమ్మ అందదు. రోల్ నంబరూ కార్డు నంబరూ ఒకటే పెట్టండి, గందరగోళం ఉండదు. చేతివేళ్లు గళ్ల మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటిరోజే నేర్పించండి. ప్రశ్నను బోర్డు మీదే రాసుకుని, యాప్‌లో సరైన అక్షరం మాత్రం గుర్తు పెట్టుకున్నా పని జరుగుతుంది. రోజూ వద్దు. ఒక పాఠానికి రెండు మూడు ప్రశ్నలు చాలు. కానీ ఆ ప్రశ్నలు మంచివి కావాలి, మీ సమయమంతా అక్కడ పెట్టండి. నిర్వచనం అడిగితే ఏమీ తెలియదు. తప్పు జవాబుల్లో ప్రతిదాని వెనకా పిల్లలకు నిజంగా ఉండే ఒక అపోహ ఉండాలి. గత ఏడాది పరీక్ష పేపర్లలో పిల్లలు రాసిన తప్పులే దీనికి అన్నిటికంటే మంచి గని. దిద్దేటప్పుడు వాటిని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

సిగ్నల్ లేకపోతే? మా వైపు కొండల పక్క ఊళ్లలో గాలి వాన వస్తే రెండు రోజులు నెట్ ఉండదు, మీకూ అంతే ఉంటుంది. అప్పుడు పలకలు తీయండి. పలకలకు పేరుమోసిన మార్కాపురం మీకు ఎంతో దూరం కాదు. నలభై పలకలు, బలపాలు కొని క్లాసులో ఒక పెట్టెలో పెట్టేయండి. ప్రశ్న వేసి, జవాబు రాయమని, "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. పేర్లు నమోదు కావు గానీ క్లాసు ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఫార్ములాలు, చిన్న బొమ్మలు రాయించడానికి ప్లిక్కర్స్ కంటే పలకే మేలు.

ఇక రెండోది గూగుల్ షీట్స్, అంటే ఫోనులోనే పట్టికలు రాసుకునే యాప్. నాకు ఒక్క టూలే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. అందరూ దీన్ని మార్కులు కూడటానికి వాడతారు, అసలు ఉపయోగం వేరే ఉంది. పాఠాల మధ్య పెట్టే చిన్న పరీక్షలో ఇద్దరు పిల్లలకూ ఒకటే మార్కులు వచ్చాయనుకోండి. ఒకడికి లెక్కలు వస్తాయి, బొమ్మలు రావు. ఇంకొకడికి బొమ్మలు వస్తాయి, సంజ్ఞా సంప్రదాయం (దూరాలకు ప్లస్, మైనస్ గుర్తులు పెట్టే పద్ధతి) దగ్గర తడబడి లెక్కలన్నీ పోతాయి. మొత్తం మార్కులు చూస్తే ఇద్దరూ ఒకటే. అందుకని నేను కాలమ్‌లలో పరీక్షల పేర్లు రాయను, అంశాలు రాస్తాను: కిరణ చిత్రం గీయడం, సంజ్ఞా సంప్రదాయం, కటక సూత్రం లెక్క, ఆవర్ధనం, కటక సామర్థ్యం. ఒక్కో పిల్లవాడికి ఒక్కో అంశంలో 2, 1, 0 మాత్రమే వేస్తాను. సొంతంగా చేస్తే 2, సాయం చేస్తే చేయగలిగితే 1, రాకపోతే 0. కండిషనల్ ఫార్మాటింగ్‌లో 0 ఉన్న గడికి ఎరుపు, 1కి పసుపు పెడితే షీటు దానంతటదే రంగులు వేసుకుంటుంది.

ఇప్పుడు ఆ షీటును రెండు వైపులా చదవాలి. నిలువుగా ఒక కాలమ్ అంతా ఎర్రగా ఉంటే ఆ అంశం నేను చెప్పిన పద్ధతి సరిపోలేదని అర్థం, మళ్లీ ఇంకోలా చెప్పాలి. అడ్డంగా ఒక వరస అంతా ఎర్రగా ఉంటే ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. తెలుగు చదవడమే రాదేమో, కళ్లు సరిగ్గా కనబడవేమో, ఇంట్లో ఏదైనా జరిగిందేమో. మొదట్లో బాగుండి మధ్యలో ఎర్రబడే వరసలూ ఉంటాయి. మీ వైపు పశ్చిమ ప్రకాశంలో మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి. పొగాకు పండే ఊళ్లలో బ్యారన్ (పొగాకును వేడికి ఎండబెట్టే కొట్టం) పనులప్పుడు పెద్ద పిల్లలు బడికి రారు. తిరిగొచ్చిన పిల్లవాడు ఏ పాఠం పోగొట్టుకున్నాడో ఈ షీటు చూపిస్తుంది. వాడికి మొత్తం మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ కొన్ని గడుల్లో ఎరుపు పోతే చాలు. వాడు బడి మానేయకుండా ఉండటానికి ఇది చాలా పెద్ద ఆసరా. వెనకబడిపోయానన్న దిగులుతోనే చాలామంది మానేస్తారు.

షీట్స్ యాప్‌లో ఆ ఫైలుకు ఆఫ్‌లైన్ ఆప్షన్ పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు, నెట్ వచ్చాక అదే అప్‌డేట్ అవుతుంది. ఎవరైనా పొరపాటున కాలమ్ చెరిపేసినా కంప్యూటర్లో తెరిచి వెర్షన్ హిస్టరీలో పాతది తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ భయంతోనే చాలామంది టీచర్లు షీటు ముట్టుకోరు, అందుకే చెబుతున్నాను.

గూగుల్ ఫారమ్స్ గురించి మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. ఇంటికి ఇచ్చే క్విజ్‌కు అది మంచిదే గానీ, మన ఊళ్లలో ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించాలి. నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, లేదా చీమకుర్తి క్వారీలో షిఫ్టులో ఉంటాడు. ఫోను ఆయనతోనే వెళ్తుంది. రాత్రి ఎనిమిదికి వస్తే అరగంట పిల్లవాడి చేతికి వస్తుంది, అది కూడా రీచార్జ్ ఉంటే. కాబట్టి ఫారమ్ ఎప్పుడు ఇచ్చినా శుక్రవారం ఇచ్చి సోమవారం దాకా తెరిచి ఉంచండి, ఐదు ప్రశ్నలు దాటనివ్వకండి. ఫోను అసలే లేని ఇంటి పిల్లల కోసం అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి. ఫోను ఉన్నవాళ్లకు ఒక చదువు, లేనివాళ్లకు ఒక చదువు కాకూడదు. ఈ విషయంలో మాత్రం నేను అస్సలు రాజీపడను.

ఫారమ్ సెట్టింగుల్లో కొన్ని చిక్కులున్నాయి. ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపేయండి. "ఒక్కరు ఒక్కసారే" అన్న ఆప్షన్ కూడా ఆపేయండి, అది పెడితే గూగుల్ అకౌంటుతో లాగిన్ అడుగుతుంది, తల్లిదండ్రులు అక్కడే ఆగిపోతారు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా లాగిన్ అడుగుతుంది. ఒకే ఫోనులో అన్నా చెల్లెలు ఇద్దరూ రాయాలి కాబట్టి పేరు టైపు చేయించకుండా రోల్ నంబరు డ్రాప్‌డౌన్‌లో ఎంచుకోనివ్వండి. క్విజ్‌గా మార్చి, తప్పు జవాబుకు ఫీడ్‌బ్యాక్‌లో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. తప్పు చేసిన నిమిషంలోనే ఎందుకు తప్పో తెలియడం మామూలు పరీక్షలో ఎన్నడూ జరగదు. తర్వాత మీరు చూడాల్సింది మార్కులు కాదు, సమ్మరీలో "తరచుగా తప్పు చేసిన ప్రశ్నలు" అని వచ్చే భాగం. సోమవారం పీరియడ్ అక్కడ మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఎన్.ఎం.ఎం.ఎస్. (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్షకు తయారు చేస్తుంటే ఫారమ్స్ బాగా పనికొస్తాయి, ఎందుకంటే అది మల్టిపుల్ ఛాయిస్ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలి పనులకు వెళ్లే ఇంట్లో ఆ డబ్బు ఆడపిల్లను ఇంటర్ దాకా చదివిస్తుంది.

గూగుల్ క్యాలెండర్‌ను చాలామంది మీటింగులకే వాడతారు. నేను పాఠాలను మళ్లీ అడగడానికి వాడతాను. దీని వెనక గట్టి శాస్త్రం ఉంది. జర్మన్ సైకాలజిస్టు ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షర ముక్కల్ని తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మొదటి కొద్ది గంటల్లో, రోజుల్లోనే ఎక్కువ మరిచిపోతామని, ఆ తర్వాత ఆ వేగం తగ్గుతుందని తేలింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఇంకో ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, ఇంకొందరు చదవకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. మన పిల్లలు పరీక్ష ముందురోజు పదిసార్లు చదివి "వచ్చేసింది సార్" అనడం, నెల తిరిగేసరికి ఖాళీ అవడం రోజూ చూసేదే కదా.

అందుకని పాఠం అయిపోయిన రోజే క్యాలెండర్లో మూడు రిమైండర్లు పెట్టేస్తాను: మూడో రోజు, పదో రోజు, నెలకు. రిమైండర్ వచ్చిన రోజు పీరియడ్ మొదట్లో పుస్తకాలు మూయించి మూడు ప్రశ్నలు, అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టదు. నాలుగైదు పాఠాలు నడుస్తుంటే ఏది ఎప్పుడు అడగాలో మన బుర్రలో పెట్టుకోలేం, ఫోను గుర్తు చేస్తుంది. మార్చి వచ్చేసరికి పదో తరగతి పిల్లల్లో టెన్షన్ తగ్గడం మీకే తెలుస్తుంది.

మీ బడిలో తెలుగు టీచర్ గారు ఉంటే వారికి ఒక మాట చెప్పండి. గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ తెలుగులో ఉంది. కంప్యూటర్లో క్రోమ్ బ్రౌజర్ తెరిచి, భాష తెలుగు పెట్టి మాట్లాడితే రాసుకుంటూ పోతుంది. మా బడిలో పిల్లలు తమ అవ్వ చెప్పిన ఊరి కథను ఇలా ప్యానెల్ మీద మాట్లాడి రాయించారు. కామాలు, ఫుల్‌స్టాపులు లేకుండా ఒకటే ముద్దగా వస్తుంది, కొన్ని మాటలు తప్పుగా పడతాయి. వాక్యం ఎక్కడ ఆగాలి, ఒత్తు ఎక్కడ పోయింది, పేరా ఎక్కడ విడగొట్టాలి అని క్లాసంతా కలిసి దిద్దుకున్నారు. రాయడానికి బద్ధకించే పిల్లలు గంటసేపు ఎడిటింగ్ చేశారు. ఇంకో చిన్న విషయం: పాత ప్రశ్నపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాల్లో) చేసినవి. వాటిని డాక్స్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఫైలు పాడైందని భయపడకండి. యూనికోడ్‌కు (ఏ ఫోనులోనైనా కనబడే అక్షరాలకు) మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒకసారి మార్చి దాచుకుంటే ఎప్పటికీ పనికొస్తాయి. మార్చాక ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

ప్యానెల్ ఉందని రాశారు. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న మొదలైంది మన ఒంగోలులోనే. ఆ తర్వాత ఏళ్లలో క్లాసురూముల్లోకి ప్యానెళ్లు వచ్చాయి. మంచి వస్తువు, దుమ్ము పట్టనివ్వకండి. అయితే ఇరవై నిమిషాల వీడియో పెట్టి మనం పక్కన నిలబడటానికి దాన్ని వాడొద్దు. వీడియోను రెండు నిమిషాలకు ఆపి, "ఇప్పుడేం జరుగుతుంది?" అని నోటుబుక్కులో రాయించి, అప్పుడు ముందుకు పోనివ్వండి. సైన్సుకు కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీన్ మీద చేసి చూసే ప్రయోగాలు) ఉన్నాయి, నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి. ఉచితం, తెలుగులోకి అనువదించినవీ ఉన్నాయి, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. విద్యుత్ వలయాలకు దానికి మించింది లేదు. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో కంటెంట్ కూడా ముందురోజు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి. క్లాసులో బఫరింగ్ తిరుగుతుంటే పిల్లల దృష్టి పోయినట్టే.

ఏఐ చాట్‌బాట్లతో ప్రశ్నలు తయారు చేయించవచ్చా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. చేయించవచ్చు, కానీ ప్రతి ప్రశ్ననూ మీరు స్వయంగా చేసి చూడాలి. తెలుగులో అడిగితే కుంభాకారం, పుటాకారం తారుమారు చేసి ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. ఆ తప్పు పిల్లల నోట్సులోకి వెళ్తే తీయడం చాలా కష్టం.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. టైపు చేసి పెట్టడం కంటే అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, చదవడం రాని అమ్మలు, అవ్వలు కూడా వింటారు. దయచేసి మార్కుల లిస్టు మాత్రం ఆ గ్రూపులో పెట్టకండి. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఒక పిల్లవాడికి పదికి రెండు వచ్చాయని ఆ రాత్రే టీ కొట్టు దగ్గర చర్చ నడుస్తుంది. ఎవరి మార్కులు వాళ్ల ఇంటికే చేరాలి. షీటును "లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చు" అని షేర్ చేయకండి. ఆధార్ నంబర్లు, కులం వివరాలు అందులో అసలు ఎక్కించకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం లేకపోయినా మన పిల్లల పరువు మనమే కాపాడాలి.

తోటి టీచర్లు టైమ్ వేస్ట్ అంటున్నారన్నారు. వాళ్లతో వాదించకండి, వాళ్లు చూసిన యాప్‌లు చాలావరకు పై ఆఫీసుకు లెక్కలు పంపేవి, క్లాసుకు ఏమీ ఇవ్వనివి. ఆ విసుగులో న్యాయం ఉంది. లెక్కల టీచర్ గారిని ఒక్కరోజు మీ క్లాసుకు పిలిచి, వారి పాఠంలోంచే ఒక ప్రశ్న ప్లిక్కర్స్‌తో అడిగించండి. ఏ పిల్లవాడు ఎక్కడ తప్పాడో వారి కళ్లతో వాళ్లే చూస్తారు, ఆ తర్వాత మీరు చెప్పాల్సిన పని ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పేస్తాను. అన్ని క్లాసులకూ ఒకేసారి వద్దు. మీకు బాగా చేరువైన ఒక్క సెక్షన్ తీసుకోండి, ఒక్క పాఠం తీసుకోండి. మొదటి నెలంతా షీటు, కార్డులు, ఈ రెండే. అవి చేతికి అలవాటయ్యాక ఫారమ్స్, ఆ తర్వాత క్యాలెండర్. షీటు పీరియడ్ చివర్లో క్లాసులోనే నింపేయండి, ఇంటికి తీసుకెళ్లే పని పెట్టుకోకండి. నలభై గడులు నింపడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. క్లాసు లీడరుకు ఫోను ఇచ్చి నింపించొద్దు, నింపేటప్పుడు ఒక్కో పేరు దగ్గర మీరు ఆ పిల్లవాణ్ణి తలుచుకోవడం కూడా ఇందులో భాగమే.

రిజిస్టర్ల సంగతి: మార్కుల రిజిస్టరు రెండుసార్లు రాయక్కర్లేకుండా మీ హెడ్మాస్టర్ గారితో ముందే మాట్లాడుకోండి. నెలాఖరున షీటును ఎ4 సైజులో అడ్డంగా ప్రింట్ తీసి, రిజిస్టర్లో అతికించి, సంతకం చేయమని అడగండి. మేము ఇలాగే చేస్తున్నాం, తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ఒప్పుకున్నారు. ప్రింట్‌లో రంగులు రావు కాబట్టి 0 ఉన్న గడులను ఎర్ర పెన్నుతో చుట్టండి. యాప్‌లో ఎక్కించాల్సిన మార్కులకు అదే ఫైలులో ఇంకో ట్యాబ్ పెట్టుకుని, వాళ్లు అడిగిన వరసలోనే కాలమ్‌లు అమర్చుకుంటే చూసి ఎక్కించడం తేలికవుతుంది.